గొర్ల దొడ్డి నుంచి సంఘం దారిలోకి: కడవెండి కొమరయ్య

దొడ్డి అంటే రాత్రిపూట గొర్లను తోలి, చుట్టూ ముళ్లకంప వేసి, కాపరి కావలి వుండే చోటు. ఆ మాటే ఇంటిపేరుగా వున్న ఒక కురుమ ఇంట్లో 1927 ఏప్రిల్ 3న ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు కొమరయ్య. ఊరు కడవెండి. 1946 జూలై 4న, 19 ఏళ్ల వయసులో, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తుపాకి తూటా తగిలి అదే ఊళ్లో నేలకొరిగాడు. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటంలో తొలి అమరుడుగా ఆయన పేరు చరిత్రకెక్కింది.

కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా, జనగామ తాలూకాలో వుండేది. తర్వాత జనగామ ప్రాంతం వరంగల్ జిల్లాలో చేరి దశాబ్దాల పాటు ఆ జిల్లాలోనే వుంది. 2016లో జనగామ విడి జిల్లా అయింది. ఇప్పుడు కడవెండి ఆ జిల్లా దేవరుప్పల మండలంలోని గ్రామం.

కొమరయ్య పుస్తకాలు రాసినవాడు కాదు. పట్నం సభల్లో ఉపన్యాసాలిచ్చినవాడూ కాదు. గొర్ల వెంట తిరిగిన పేద కుటుంబం వాడు. మరి అలాంటి పల్లెటూరి యువకుడు దేశ్‌ముఖ్ తుపాకికి ఎదురుగా ఊరేగింపు ముందు వరుసలో ఎలా నిలబడ్డాడు? ఆ దారి ఎక్కడ మొదలైంది? వ్యవసాయ కూలీలు, పేద రైతులు, గొర్ల కాపరులు తెలుసుకోవలసిన సంగతి ఇది. ఆయన చావు గురించి అందరికీ తెలుసు. ఆయన్ను అక్కడికి నడిపించిన బతుకు గురించి చెప్పుకునేది తక్కువ.

కురుమ బతుకు

కురుమ ఇంట్లో పుట్టిన పిల్లవానికి ఆ రోజుల్లో మొదటి బడి మందే. నాలుగు అడుగులు నడవడం రాగానే గొర్రెపిల్లల కాడ కావలి పెడతారు. పెద్ద గొర్లు మేతకు పోతే పిల్లలు ఇంటికాడ బుట్టకింద వుంటాయి. వాటికి లేత ఆకు వేయడం, సాయంత్రం తల్లులు తిరిగి రాగానే ఏ పిల్ల ఏ తల్లిదో చూసి విడవడం ఆ పోరని పని. ఇంకొంచెం ఎదిగితే భుజాన గొంగడి, చేతిలో కట్టె, నడుముకు సద్దిమూట. పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకినాకే ఇల్లు.

ఆ పనిలో విశ్రాంతి లేదు. వానాకాలం బురదలో నిలిస్తే గొర్ల గిట్టలు చెడతాయి. చిటుక రోగం తగిలితే పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి కాళ్లు చాపుతుంది. రాత్రి తోడేలు భయం, దొంగ భయం. ఎండాకాలం గడ్డి ఎండిపోతే ఊరు విడిచి నీళ్లున్న చోటుకు మందను తోలుకుపోవాలి. పంటలు కోసిన తర్వాత రైతుల చేలల్లో మంద పెడతారు. రాత్రంతా గొర్లు పడుకున్న చేనుకు ఎరువు దొరుకుతుంది, కాపరికి రైతు గింజలు కొలిచి ఇస్తాడు. గొర్ల బొచ్చు కత్తిరించి ఇంట్లో ఆడవాళ్లు దారం వడుకుతారు. మగవాళ్లు మగ్గం మీద గొంగడి నేస్తారు. చింతగింజల గంజి పట్టించిన ఆ నల్ల గొంగడి వానకు, చలికి కాపు. పొలానికి పోయే ప్రతి రైతు భుజాన అదే వుండేది.

అంటే కురుమ ఇల్లు ఒంటరిగా బతికేది కాదు. దాని కష్టం రైతు చేనులో ఎరువై, కూలి భుజాన గొంగడై, సంతలో మాంసమై ఊరందరికీ అందేది. ఇలా నలుగురి బతుకులతో ముడిపడ్డ పని చేసేవానికి ఊరి బాధలు దూరంగా వుండవు. ఎవరి చేనులో పంట పోయిందో, ఎవరి ఎడ్లను దొర మనుషులు తోలుకుపోయారో ముందు తెలిసేది మంద వెంట చేలగట్ల మీద తిరిగే కాపరికే.

మందలో దొర వాటా

కష్టం కురుమది. కానీ మంద మీద పెత్తనం అతనికి పూర్తిగా వుండేదా? లేదు. మేపుకు పుల్లరి కట్టాలి. గడీలో పండగైనా, పెళ్లయినా, సర్కారు అధికారి వచ్చినా గొర్రె కావాలి. మందలోంచి మంచిది చూసి తోలుకుపోతారు. వెల అడిగే ధైర్యం ఎవరికీ వుండేది కాదు. అడిగితే దెబ్బలు, జుల్మానా.

ఇది ఒక్క కురుమల గోడు కాదు. చాకలి బట్టలుతకాలి, గడీలో అంట్లు తోమాలి. మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి తమ తమ పనులు ఉచితంగా చేసిపెట్టాలి. కల్లుగీసేవాడు కల్లు పోయాలి. సాలెలు బట్ట ఇవ్వాలి. మాదిగ, మాల ఇళ్ల నుంచి మనుషులు రాత్రనక పగలనక దొర మోటలు మోయాలి, కబుర్లు చేరవేయాలి. రైతులు తమ దుక్కి ఆపి ముందు దొర పొలం దున్నాలి. దీనినే వెట్టి అన్నారు. వెట్టిని నిషేధిస్తున్నట్టు నిజాం సర్కారు ఫర్మానాలు తీసింది. ఆ కాగితాలు గడీ గడప దాటి లోపలికి రాలేదు. దొరను చూడగానే చెప్పులు చేతబట్టి, బాంచెను కాల్మొక్తా అని వంగడం మాత్రం ఊరూరా మామూలు అయింది.

ఈ దొరలకు ఇంత భూమి, ఇంత అధికారం ఎక్కడి నుంచి వచ్చాయి? దేశ్‌ముఖ్‌లు మొదట సర్కారు కోసం శిస్తు వసూలు చేసిన వాళ్లు. 19వ శతాబ్దంలో సాలార్‌జంగ్ దివానుగా వున్నప్పుడు వసూలు పద్ధతి మారింది. సర్కారు నేరుగా వసూలుకు దిగింది. దేశ్‌ముఖ్‌లకు పోయిన ఆదాయానికి బదులు వతన్లు, భత్యాలు దొరికాయి. భూముల సర్వే జరిగినప్పుడు కాగితాలన్నీ వారి చేతిలోనే వున్నాయి. ఏ భూమి ఎవరిదో చదివి తెలుసుకునే చదువు రైతుకు లేదు. తరాలుగా దున్నుతున్న రైతుకు తెలియకుండానే భూమి దొర పేర ఎక్కింది. అప్పులకింద, జుల్మానా కింద ఇంకొంత చేరింది. అలా చేరినవే వేల ఎకరాలు.

కడవెండి ప్రాంతం మీద అధికారం చలాయించిన విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి. ఆయన కింద 40 వేల ఎకరాల భూమి వుండేదని ఆ పోరాట చరిత్రలో నమోదైంది. పదుల గ్రామాల మీద ఆయన మాటే చట్టం. పోలీసు పటేల్, మాలీపటేల్, పట్వారీ ఆయన చెప్పినట్టు నడిచేవాళ్లు. ఆయన తల్లి జానమ్మ కడవెండి గడీలో వుండి పెత్తనం నడిపేది. కొమరయ్య పెరిగిన ఊరు ఆ గడీ నీడలో వుంది.

ఒంటరి పోరు ఏమైంది?

ఆ ప్రాంతంలో దొరను ఎదిరించిన మనిషి అంతకుముందే ఒకరు వున్నాడు. దేవరుప్పలకు దగ్గరలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. తన భూమిని కాజేయడానికి దేశ్‌ముఖ్ అండతో సాగిన ప్రయత్నాన్ని ఆయన కోర్టుకు లాగాడు. ఏళ్ల తరబడి తిరిగాడు. తిండి మానుకుని ఖర్చులు పెట్టాడు. న్యాయం ఆయన పక్షానే తేలింది. ఆ తర్వాత దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి ఆయన్ను చంపేశారు.

బందగీ కథ ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటా చెప్పుకున్నారు. తర్వాతి కాలంలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మాభూమి నాటకానికి ఈ కథే ప్రేరణ అయింది. బందగీ చనిపోయేనాటికి కొమరయ్య ఇంకా చిన్నవాడు. మంద వెంట తిరిగే వయసు. ఆ చావు నుంచి పల్లె జనానికి అర్థమైంది రెండు విషయాలు. దొరను ఎదిరించవచ్చు. కానీ ఒక్కడుగా ఎదిరిస్తే కోర్టులో గెలిచినా దారిలో ప్రాణం దక్కదు.

ఈ రెండో విషయానికి జవాబు సంఘం రూపంలో వచ్చింది.

గుతపల సంఘం

ఆంధ్ర మహాసభ మొదటి సభ 1930లో జోగిపేటలో జరిగింది. మొదట్లో అది చదువుకున్నవారి సంస్థ. గ్రంథాలయాలు, తెలుగు భాష, బడులు దాని ప్రధాన విషయాలు. క్రమంగా కమ్యూనిస్టులు, అభ్యుదయవాదులు అందులో బలపడ్డారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన మహాసభ తర్వాత అది పల్లెల్లోకి, పేదల ఇళ్లలోకి వెళ్లింది. వెట్టి రద్దు కావాలి, అక్రమ వసూళ్లు ఆగాలి, కౌలుదార్లను భూమి నుంచి వెళ్లగొట్టకూడదు అనే మాటలు ఊరూరా వినిపించాయి. జనం దాన్ని సంఘం అన్నారు. వలంటీర్లు చేతికర్రలు పట్టుకుని తిరిగేవారు గనుక గుతపల సంఘం అనే పేరు కూడా వచ్చింది.

అది యుద్ధకాలం. సర్కారు లెవీ పేరుతో ధాన్యం వసూలు చేసేది. వందల పుట్లు పండించే దొరలు లెవీ ఎగవేసి ధాన్యం దాచి నల్లబజారులో అమ్ముకునేవారు. నాలుగు బస్తాలు పండిన పేద రైతు ఇంట్లో గింజలు మాత్రం ఊడ్చుకుపోయేవారు. పండించిన ఇంటికే గింజ కరువైంది. దొరల లెవీ ముందు వసూలు చేయాలని, పేదల గింజలు ముట్టరాదని సంఘం అడిగింది. కడుపుకు సంబంధించిన ఈ మాట పల్లెకు సూటిగా తగిలింది.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట సంగతి కూడా అప్పటిదే. ఆమె కౌలుకు చేసిన పొలంలోని పంటను కోసుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వస్తే, భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి నాయకులతో కలిసి సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచారు. పంట ఐలమ్మ ఇంటికి చేరింది. దేశ్‌ముఖ్ మనుషులు ఉత్త చేతులతో పోయారు. చాకలి ఇంటి ఆడమనిషి ముందు దొర ఓడిపోయాడన్న వార్త ఊరూరా పాకింది. బందగీకి దొరకని బలం ఐలమ్మకు దొరికింది. ఆ బలం పేరు సంఘం.

కడవెండిలో కూడా సంఘం పుట్టింది. నల్లా నర్సింహులు ఆ ఊరి బిడ్డే. సాలెల ఇంట్లో పుట్టి జనగామ ప్రాంత నాయకుడుగా ఎదిగాడు. తర్వాతి కాలంలో ఉరిశిక్ష పడి, అది అమలు కాకుండా తప్పి బయటపడ్డాడు. దొడ్డి సోదరులు మల్లయ్య, కొమరయ్య సంఘంలో చేరారు. సాలె, కురుమ, మంగలి, చాకలి, మాల, మాదిగ, చిన్న రైతు అనే తేడా లేకుండా ఒక జట్టుగా కూర్చున్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఒకే ఊళ్లో వుంటూ ఒకరి గడప ఒకరు తొక్కని మనుషులు సంఘం పిలుపుకు ఒకచోట చేరారు.

కొమరయ్య వెదుక్కున్న దారి ఇది. ఊరు విడిచి పోలేదు. కులవృత్తిని చిన్నచూపు చూడలేదు. తన మందకు, తన ఇంటికి వచ్చిన బాధే పక్కింటి సాలెకు, ఎదురింటి మంగలికి, వాడలోని కూలికి వచ్చిందని గుర్తించాడు. అందరి బాధకు మందు ఒకటేనని నమ్మి సంఘంలో నిలబడ్డాడు. ఒక పేద యువకునికి దారి దొరకడమంటే తన గోడును ఊరి గోడుగా చూడగలగడం. ఆ ఎరుక వచ్చాక వంగిన నడుము నిటారు కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

జూలై 4

సంఘం బలపడే కొద్దీ గడీకి నిద్ర పట్టలేదు. వెట్టికి పిలిస్తే మనుషులు రావడం లేదు. వసూళ్లకు పోతే ఎదురు ప్రశ్నలు వస్తున్నాయి. సంఘం నాయకుల మీద కేసులు పెట్టించారు. అవి చాలక గుండాలను దింపారు.

1946 జూలై 4న దేశ్‌ముఖ్ గుండాలు తాగి వచ్చి కడవెండిలో సంఘం నాయకుల ఇళ్లమీద రాళ్లు రువ్వారు. జనాన్ని రెచ్చగొట్టి, బయటికి రాగానే దెబ్బతీయాలన్నది వారి పన్నాగం. జనం బయటికి వచ్చారు. కానీ గుండాలు అనుకున్నట్టు చెల్లాచెదురుగా రాలేదు. కర్రలు, వడిసెలలు పట్టుకుని ఒక ఊరేగింపుగా కదిలారు. సంఘానికి జేజేలు పలుకుతూ వీధులగుండా నడిచారు. ముందు వరుసలో దొడ్డి కొమరయ్య వున్నాడు. వెంట అన్న మల్లయ్య వున్నాడు.

ఊరేగింపు గడీ దగ్గరికి రాగానే లోపలి నుంచి తుపాకులు పేలాయి. తూటా తగిలి కొమరయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. మల్లయ్యకు, మంగలి కొండయ్యకు, ఇంకా కొందరికి గాయాలయ్యాయి.

తుపాకి పేలితే జనం పరుగెత్తుతారని గడీవాళ్లు అనుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ అలాగే జరిగింది. ఆ రోజు అలా జరగలేదు. కొమరయ్య పడిపోయిన చోటు నుంచి జనం వెనక్కి పోలేదు, ముందుకు పోయారు. గుండాలు గడీలో దాక్కున్నారు. జనం గడీని చుట్టుముట్టారు. గడ్డి తెచ్చి తగలబెట్టడానికి సిద్ధమయ్యారు. ఈలోగా జనం బాబుదొర అని పిలిచే దేశ్‌ముఖ్ కొడుకు దాదాపు 200 మంది గుండాలతో వచ్చిపడ్డాడు. పొరుగూళ్ల నుంచి కూడా మనుషులు వచ్చి చేరారు. కర్రలతో, వడిసెల రాళ్లతో జనం ఎదురు తిరిగేసరికి ఆ మూక పారిపోయింది.

ఆ తర్వాత పోలీసులు వచ్చారు. హంతకుల మీద చర్య తీసుకుంటామని నమ్మబలికి జనాన్ని పంపించారు. తీసుకున్న చర్య ఏమిటంటే గడీలోని గుండాలను కాపాడడం, సంఘం వాళ్ల మీదనే కేసులు బనాయించడం. హంతకులకు శిక్ష పడలేదు. పల్లె జనానికి సర్కారు మీద మిగిలివున్న కాస్త భ్రమ కూడా ఆ పనితో పోయింది.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి తరలివచ్చిన జనం మధ్య కొమరయ్య అంత్యక్రియలు జరిగాయి. కురుమ ఇంటి పిల్లవానికి అన్ని కులాలవాళ్లు, అన్ని ఊళ్లవాళ్లు వెంట నడిచారు. ఆయన పేరు పాటకెక్కింది. పల్లె పల్లెలో పాడుకున్నారు.

ఊరి నుంచి ఊరికి

గొర్ల మంద ఒక చోట అదిరితే అన్నీ ఒకేసారి బెదిరి పరుగెత్తుతాయి. దొరలు జనాన్ని కూడా మంద అనే అనుకున్నారు. కాని కడవెండి కాల్పుల వార్త విన్న జనం బెదరలేదు. కర్రలు పట్టి, జెండా పట్టి ఒక ఊరి నుంచి మరో ఊరికి ఊరేగింపులుగా బయల్దేరారు. పోయిన ప్రతి ఊళ్లో సభ పెట్టి, వెట్టి ఇకముందు లేదని చాటించి, ఆ ఊరివాళ్లను కలుపుకొని తర్వాతి ఊరికి నడిచారు. కొద్ది వారాల్లో మూడు నాలుగు వందల గ్రామాలకు ఈ కదలిక పాకింది. నల్లగొండ నుంచి వరంగల్, ఖమ్మం ప్రాంతాలకు చేరింది. ముండ్రాయి, ధర్మాపురం తావుల్లో లంబాడీ రైతులు తమనుంచి గుంజుకున్న భూముల కోసం లేచారు. వెట్టి మాన్పించడంతో మొదలైన పోరు భూమి దగ్గరికి వచ్చింది.

1946 చివరి నెలల్లో నిజాం సర్కారు పోలీసులను, సైన్యాన్ని పల్లెల మీదికి తోలింది. దేవరుప్పల, బాలెముల, పాత సూర్యాపేట వంటి ఊళ్లలో జనం దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. వడిసెల, గుతపతో తుపాకికి ఎదురు నిలవడం సాధ్యం కాదని అనుభవంతో తెలిసింది. పోరాటం ఆయుధం పట్టింది. రజాకార్ల దాడుల కాలంలో గ్రామ రక్షక దళాలు, గెరిల్లా దళాలు ఏర్పడ్డాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తర్వాత కూడా భూమి నిలుపుకోవడానికి పోరు సాగింది. 1951 అక్టోబరులో విరమించేనాటికి సుమారు 3 వేల గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయని, 10 లక్షల ఎకరాలు పేదలకు పంచారని, 4 వేలమంది దాకా ప్రాణాలర్పించారని ఆ పోరాటానికి నాయకత్వం వహించినవారు నమోదు చేశారు.

ఆ ఒత్తిడి లేకుండా 1949లో జాగీర్లు రద్దయ్యేవి కావు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చేది కాదు. రక్షిత కౌలుదారు అనే మాట రికార్డుకెక్కేది కాదు. పంచిన భూమి చాలాచోట్ల తిరిగి భూస్వాముల చేతికి పోయింది. అదీ నిజమే. కానీ వెట్టికి పిలిస్తే పరుగెత్తే రోజు మళ్లీ రాలేదు.

ఎవరి కొమరయ్య?

ఇప్పుడు తెలంగాణాలో కొమరయ్య విగ్రహాలు చాలా వున్నాయి. ఆయన జయంతి, వర్ధంతి ప్రభుత్వం జరుపుతోంది. కురుమ సంఘాలు తమ బిడ్డ అని గర్వంగా చెప్పుకుంటున్నాయి. అది వారి హక్కు. గొర్ల కాపరి ఇంటి నుంచి వచ్చినవాని పేరును చాలాకాలం అవసరమైనంతగా తలచుకోలేదన్న వారి బాధలో కూడా న్యాయం వుంది. నాయకుల జీవితాలు పుస్తకాలైనంతగా ఇలాంటివారి బతుకులు కాగితానికెక్కలేదు.

అయితే దండ వేసే చేయి ఎవరిదైనా, ఆ రోజు ఊరేగింపులో ఆయన పక్కన నడిచినవారిని మరవరాదు. ఆ తూటాలకు కురుమ ప్రాణం పోయింది, మంగలి రక్తం కారింది. నాయకత్వం ఇచ్చినవారిలో సాలె ఇంటి బిడ్డ వున్నాడు. అంతకుముందు అదే దొర చేతిలో ముస్లిం రైతు చనిపోయాడు, అదే దొర మీద చాకలి ఐలమ్మ గెలిచింది. వీళ్లందరినీ వేరుచేసి ఎవరి మనిషిని వాళ్లు ఇంటికి తీసుకుపోతే మిగిలేది విగ్రహమే. ఆ ఊరేగింపు మిగలదు. కొమరయ్యను కురుమవాడుగా తలచుకుందాం. సంఘం మనిషిగా కూడా తలచుకుందాం. ఆయన బతుకులో ఈ రెండూ వేరుగా లేవు.

ఇంకో సంగతి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. గొర్లు రావడం మంచిదే. అవి మేసేది ఎక్కడ? ఊరి బంచరాయి ఏమైంది? చెరువు శిఖంలో ఎవరు దున్నుతున్నారు? కంచెలు ఎవరి పేర వున్నాయి? పాత కాలంలో కాపరి పుల్లరి కట్టి అయినా మందను మేపుకున్నాడు. మేపుకునే భూమే లేకపోతే పుల్లరి లేదని సంతోషించి లాభమేమిటి? చేతిలో గొర్రె పెట్టి కాలికింద భూమి లేకుండా చేస్తే ఆ గొర్రె సంతకే పోతుంది. ఈ ప్రశ్న కాపరి ఒక్కడే అడిగితే ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది. ఊరి భూమి మీద ఆశవున్న కూలీ, చిన్న రైతు, కాపరి కలిసి అడిగితే వేరే సంగతి. బందగీ కథకూ ఐలమ్మ కథకూ వున్న తేడా అదే.

కడవెండిలో కొమరయ్య స్థూపం వుంది. ఆ దారిన పోయేవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుపోయి చూపించాలి. ఇతను రాజు కాదు, దొర కాదు, గొర్లు కాసిన ఇంటివాడని చెప్పాలి. 19 ఏళ్లు బతికాడని, ఊరందరితో కలిసి నడిచాడని, ముందు వరుసలో నడిచాడని చెప్పాలి. ఆయన పడిపోయినా వెనకున్నవాళ్లు ఆగలేదన్న మాట కూడా తప్పకుండా చెప్పాలి.